ల్యాప్‌టాప్ కొనుగోలు: అధికమైన వెలకు తగిన ఫలమున్నదా?

ఇంటర్మీడియటు ఫలితములు వెలువడి ఇంజనీరింగు కళాశాలలలో ప్రవేశములు జరుగు రోజులలో విడవలూరు వంటి గ్రామములలో ఇంటింట ఒక చర్చ సాగుచుండును. చదువుకొను బిడ్డకు ల్యాప్‌టాప్ కావలెను. నలుబది అయిదు వేల రూపాయలకు ఒకటి దొరకును. లక్ష రూపాయలకు మరియొకటి దొరకును. చూచుటకు రెండును పుస్తకమువలె తెరచి మూయు యంత్రములే. రెండింటను అక్షరములు వచ్చును, బొమ్మలు కదలును, పాఠములు వినవచ్చును. అట్లయినచో పైన చెల్లించు ఏబది అయిదు వేలు దేనికొరకు? దానివలన బిడ్డ చదువునకు గాని, ఇంటి ఆదాయమునకు గాని కలుగు మేలు ఎంత? ఈ ప్రశ్నకు అందరికిని ఒకే సమాధానము లేదు. కాని ఎవరి సమాధానమును వారు కనుగొనుటకు ఒక పద్ధతి కలదు. దానిని వివరించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

పుట్టి లెక్క

మొదట వెలను మనకు తెలిసిన కొలతలోనికి మార్చి చూతము. విడవలూరు మండలము పెన్నకు ఉత్తరమున సముద్రతీరము వరకు వ్యాపించియున్నది. వరి పొలములు, రొయ్యల చెరువులు ఇచ్చటి జీవనాధారములు. నెల్లూరు సీమలో ధాన్యమును పుట్లతో లెక్కించుట ఆచారము. ఇచ్చట పుట్టి యనగా 850 కిలోలు. 2025–26 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర ఏ గ్రేడు ధాన్యమునకు క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి ధాన్యము వెల సుమారు 20,300 రూపాయలు. నలుబది అయిదు వేల ల్యాప్‌టాప్ అనగా రెండుంబావు పుట్ల ధాన్యము. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ అనగా దాదాపు అయిదు పుట్లు. రెండింటికిని నడుమ తేడా రెండు ముప్పాతిక పుట్లకు ఇంచుక తక్కువ.

ఇది రాబడియే గాని లాభము కాదని రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను బాడుగ, కౌలు తీసివేసిన పిమ్మట చేతిలో నిలుచునది కొంత భాగమే. కావున మిగులు లెక్కలో ఆ తేడాను పూడ్చుటకు ఎన్నో పుట్లు పండింపవలసియుండును. రొయ్యల సాగు చేయువారి స్థితియు అంతే. 2025 ఆగస్టులో మన దేశపు సరకులపై అమెరికా సుంకము 50 శాతమునకు పెరిగినప్పుడు ఈ తీరమందలి రొయ్యల రైతులు ఎంత కలతపడిరో అందరికిని తెలిసినదే. ఈ యేటి రాబడిని చూచి వచ్చే యేటి ఖర్చునకు పూనుకొనుట ఈ వ్యవసాయములలో క్షేమము కాదు.

ఇక ఆ ఏబది అయిదు వేలను అప్పు తెచ్చినచో ఏమగును? గ్రామములలో వాడుకగా చెప్పు రెండు రూపాయల వడ్డీ, అనగా నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున, నెలకు 1,100 రూపాయలు, ఏడాదికి 13,200 రూపాయలు వడ్డీయే యగును. మూడేండ్లు అసలు తీర్చనిచో వడ్డీ 39,600. అప్పుడు ఆ తేడా ఏబది అయిదు వేలు గాక 94,600 రూపాయలు. బ్యాంకులో బంగారముపై తెచ్చిన అప్పునకు వడ్డీ ఇంతకన్న తక్కువగనుండును గాని, అదియు సున్న కాదు. దుకాణముయొక్క ధరల పట్టికలో ఈ పంక్తి కానరాదు. కొనువారే దానిని వ్రాసికొనవలెను.

నగదా, యంత్రమా అను విచారణ ఈ జిల్లాకు క్రొత్తది కాదు. 2021 జనవరి 11వ తేదీన నెల్లూరులో జరిగిన అమ్మ ఒడి సభలో, 9 నుండి 12 తరగతుల విద్యార్థులకు ఏటా ఇచ్చు నగదునకు బదులు కోరినవారికి ల్యాప్‌టాప్ ఇచ్చెదమని నాటి రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. తరువాత 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలలలోని ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచుట మొదలైనది. నాటి ప్రకటనతో ఎన్నో కుటుంబములు చేతికి వచ్చు సొమ్మును ఒక ప్రక్కను, యంత్రమును మరియొక ప్రక్కను ఉంచి తూచి చూచినవి. నేడు మనము చేయవలసినదియు అట్టి తూనికయే.

ఎక్కువ సొమ్ముతో ఏమి కొనుచున్నాము?

ల్యాప్‌టాప్ వెల పెరుగుటకు కారణములు నాలుగు విధములు. పనిచేయు శక్తి మొదటిది. శరీరపు నాణ్యత రెండవది. బ్యాటరీయు, ఆయుర్దాయమును మూడవది. పేరు ప్రతిష్ఠలు నాలుగవది. వీనిని విడివిడిగ చూచినగాని ఏది మనకు కావలెనో, ఏది అక్కరలేదో తేలదు.

పనిచేయు శక్తికి మూడు అంగములు కలవు. ప్రాసెసరు లెక్కలు చేయునది. ర్యామ్ అనునది ఆ సమయమున నడచుచున్న పనులను పరచి ఉంచుకొను చోటు. ఎస్‌ఎస్‌డి అనునది శాశ్వతముగ దాచుకొను చోటు. కళ్ళము, గాదె అను పోలికతో ఇది సులభముగ బోధపడును. గాదె ఎంత పెద్దదైనను, కళ్ళము ఇరుకైనచో నూర్పిడి సాగదు. ర్యామ్ కళ్ళము వంటిది; ఎస్‌ఎస్‌డి గాదె వంటిది; ప్రాసెసరు నూర్చువారి వంటిది. ర్యామ్ చాలనప్పుడు యంత్రము అచ్చటి సరకును మాటిమాటికి గాదెలోనికి మోసికొనిపోయి, మరల తెచ్చుకొనుచుండును. మనము యంత్రము నత్తనడక నడచుచున్నదని విసుగుకొనుట చాలవరకు ఈ మోతవలననే.

విండోసు 11 పెట్టుటకు కనీసము 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ ఉండవలెనని మైక్రోసాఫ్టు నియమము. అది తలుపు తెరచుకొనుటకు చాలునే గాని కాపురము చేయుటకు చాలదు. వ్రాతకోతలకు, పాఠములు వినుటకు, దరఖాస్తులు నింపుటకు 8 గిగాబైట్లు సరిపోవును. కంప్యూటరు సైన్సు చదువువారికి 16 ఉండుట మేలు. ఫోనులకు ఆప్‌లు తయారుచేయు ఆండ్రాయిడ్ స్టూడియో అను సాధనమును, దానితో కూడ వచ్చు కృత్రిమ ఫోనును కలిపి నడపుటకు 16 గిగాబైట్లు కావలెనని గూగుల్ సంస్థయే చెప్పుచున్నది.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. వెల పెరిగిన కొలది శక్తి సమానముగ పెరుగదు. 2023 జూలైలో 16,499 రూపాయలకు విడుదలయిన జియోబుక్‌లో 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ మాత్రమే ఉండెను. అచ్చటినుండి నలుబది అయిదు వేల తరగతికి చేరినచో పని తీరునందు పగలు రాత్రి వంటి భేదము కలుగును. అచ్చటినుండి డెబ్బది వేలకు చేరినచో భేదము కలుగును గాని అంతటిది కాదు. డెబ్బది వేలనుండి లక్షకు, లక్షనుండి లక్షన్నరకు పోయినప్పుడు సామాన్యపు పనులలో ఆ భేదమును కనుగొనుటకు గడియారము పట్టుకొని కూర్చుండవలసినదే. పొలమునకు మొదటి బస్తా యూరియాతో వచ్చిన పచ్చదనము నాలుగవ బస్తాతో రాదు గదా!

అక్కరలేని శక్తికి సొమ్ము చెల్లించుట రేడియో శ్రోతలకు తెలియని సంగతి కాదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిమ్మట మన ఇండ్లలో ఎక్కువమంది వినినది మీడియం వేవ్ మీదనే. షార్ట్ వేవ్ బ్యాండ్లు అనేకము గల సెట్టు దూరదేశముల ప్రసారములు వినువారికి సార్థకము. వార్తలు, హరికథ, వ్యవసాయదారుల కార్యక్రమము మాత్రమే వినువారికి ఆ బ్యాండ్లు ముల్లు త్రిప్పుకొనుటకు తప్ప మరి దేనికిని ఉపయోగింపలేదు.

శరీరము, తెర, మీటలు

రెండవది శరీరపు నాణ్యత. దీనిని చాలమంది ఆడంబరమని కొట్టివేయుదురు. అది సరికాదు. ప్రతిదినము తెరచి మూయు యంత్రమునకు మడతబందు బలముగ ఉండవలెను. చవుక యంత్రములలో ముందుగ వదులై విరుగునది తరచుగ ఆ బందును పట్టుకొనియున్న ప్లాస్టిక్కే. రోజుకు ఆరేడు గంటలు వ్రాయువారికి మీటల అమరిక వ్రేళ్ళకు సుఖము గాని శ్రమ గాని కలిగించును. తెరయు అంతే. ప్రక్కనుండి చూచినప్పుడు రంగులు మారు తెరపైన దీర్ఘకాలము చదువుట కండ్లకు మంచిది కాదు. అయితే ఈ సుఖములు లక్ష రూపాయలకు మాత్రమే దొరకునని తలపరాదు. ఐపిఎస్ తెర, పూర్తి హెచ్‌డి స్పష్టత, గట్టి మీటలు గల యంత్రములు మధ్యతరగతి వెలలోను కలవు. వెతకినచో దొరకును.

సముద్రతీరపు ఊళ్ళలో మరియొక విచారణ అవసరము. ఉప్పుగాలి, తేమ లోహమునకు శత్రువులు. ఇంటి కిటికీ చువ్వలు, సైకిలు గొలుసు ఇచ్చట ఎంత త్వరగ తుప్పుపట్టునో మనమెరుగుదుము. పంకా గల ల్యాప్‌టాప్ వేడిని బయటకు నెట్టుటకు చుట్టునున్న గాలిని లోనికి పీల్చుకొనును. ఆ గాలితో ధూళి, తేమ, ఉప్పు కూడ లోనికి పోవును. మాక్‌బుక్ ఎయిర్ వంటి కొన్నిటిలో పంకాయే లేదు; ఆ మేరకు ఈ బాధ తక్కువ. పంకా ఉన్న యంత్రమునైనను సముద్రపుగాలి నేరుగ తగులు వరండాలో గాక లోపలి గదిలో ఉంచి వాడుకొని, ఏడాదికొకసారి లోపల శుభ్రము చేయించినచో దాని ఆయుర్దాయము పెరుగును. దానికగు ఖర్చు కొలదియే.

లోహపు శరీరము గల యంత్రములయందు వేరొక చిక్కు కలదు. రెండు పుల్లల చార్జరు తగిలించి వాడునప్పుడు చేతికి సన్నగ జిల్లుమనునట్లు తోచును. చార్జరులోని కెపాసిటరుగుండ వచ్చు అత్యల్పమైన విద్యుత్తు దీనికి కారణము. సరియైన యంత్రమున ఇది ప్రాణాపాయకరము కాకపోయినను చికాకు కలిగించును. మూడు పుల్లల తీగ వాడి, ఇంటి ఎర్తు సరిగ నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించుకొనుట దీనికి విరుగుడు. లక్ష రూపాయల యంత్రము తెచ్చి, ఎర్తు లేని గోడ ప్లగ్గునకు తగిలించుట తెలివైన పని కాదు.

బ్యాటరీ, ఆయుర్దాయము

మూడవ భాగమునందే ఖరీదైన యంత్రముల నిజమైన గొప్పతనము కానవచ్చును. బ్యాటరీలో ఎంత విద్యుత్తు పట్టునో వాట్-అవర్లలో చెప్పుదురు. 50 వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రము 10 వాట్లు వాడినచో అయిదు గంటలు నడచును. 5 వాట్లు వాడినచో పది గంటలు నడచును. అనగా బ్యాటరీ పరిమాణము ఎంత ముఖ్యమో, యంత్రపు పొదుపు అంత ముఖ్యము. 2025 మార్చిలో 99,900 రూపాయల ప్రారంభ వెలతో మన దేశమున విడుదలయిన ఎమ్‌4 మాక్‌బుక్ ఎయిర్ బ్యాటరీ 53.8 వాట్-అవర్లు. వీడియో చూచునప్పుడు 18 గంటల వరకు వచ్చునని ఆపిల్ సంస్థ చెప్పుచున్నది. భాగించి చూచినచో సగటున మూడు వాట్లు మాత్రమే. బరువు 1.24 కిలోలు. ఈ పొదుపు చవుక యంత్రములలో అరుదు.

ఈ సుగుణము ఎవరికి ఉపయోగము? కళాశాలలో ప్లగ్గు దొరకని తరగతిలో రోజంతయు కూర్చుండువారికి. బస్సులో, రైలులో పని చేయువారికి. తుపాను రోజులలో ఇంటినుండి ఉద్యోగము చేయువారికి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు నెల్లూరు జిల్లాలో భారీ వర్షములు కురిసినవి. అట్టి దినములలో విద్యుత్తు నిలిచిపోవుట మనకు అలవాటైనదే. కాని ఇల్లు, హాస్టలు, ప్రయోగశాల అను మూడు చోట్ల ప్లగ్గు ప్రక్కనే కూర్చుండు విద్యార్థికి పదునెనిమిది గంటల బ్యాటరీ, ఎన్నడును నిండని బానవంటిది.

ఎక్కువ వెల గలది ఎక్కువకాలము మన్నునను మాటయందు సత్యమున్నది గాని, అది పూర్ణసత్యము కాదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసినది. విండోసు 11 నడచుటకు ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంచుమించు ఎనిమిదవ తరము, లేక ఆ తరువాతిది ఉండవలెను. కావున 2016లో లక్షకు పైగా పెట్టి కొన్న గొప్ప యంత్రమును, ముప్పది వేలకు కొన్న సామాన్య యంత్రమును ఒకే గీతకు ఇవతల నిలిచిపోయినవి. ఆ గీతను నిర్ణయించినది వెల కాదు, ప్రాసెసరు పుట్టిన సంవత్సరము. ఖరీదైన వస్తువులలో లోపము లుండవనుటయు పొరపాటే. 2015నుండి కొన్ని మాక్‌బుక్‌లలో పెట్టిన పలుచని మీటలు చిక్కుకొని పనిచేయకుండుటచే, 2018లో ఆ సంస్థయే వానిని ఉచితముగ బాగుచేయు పథకమును ప్రకటింపవలసి వచ్చినది.

మరమ్మతు సంగతియు ముందే విచారింపవలెను. అనేకములయిన ఖరీదైన యంత్రములలో ర్యామ్, నిల్వ చిప్పులు మూలఫలకమునకే అతికింపబడియుండును. తరువాత పెంచుకొనుటకు వీలు లేదు. కొనునప్పుడే ఎక్కువ తీసికొనవలెను. ఎమ్‌4 మాక్‌బుక్ ఎయిర్ విడుదలైనప్పుడు 256 గిగాబైట్ల నిల్వను 512కు పెంచుకొనుటకు అధికముగ 20,000 రూపాయలు, అనగా దాదాపు ఒక పుట్టి ధాన్యపు వెల చెల్లింపవలసియుండెను. విప్పి మార్చుకొను వీలున్న యంత్రములో అదే పనికి అప్పుడు అందులో కొంత భాగమే ఖర్చగుచుండెను. ఇక ఏదైన చెడినచో విడవలూరు వారు కోవూరు మీదుగ నెల్లూరు చేరవలెను. కొన్ని కంపెనీల పనులకు చెన్నై వరకు పంపవలసి యుండవచ్చును. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయినప్పుడు రాకపోకలే నిలిచినవి. అంతటి విపత్తు లేకున్నను, పరీక్షల ముందు పదిదినములు యంత్రము లేకుండుట విద్యార్థికి చిన్న నష్టము కాదు. కావున కొనదలచిన కంపెనీ సేవాకేంద్రము నెల్లూరులో ఉన్నదా, విడిభాగములు ఎన్నాళ్ళకు వచ్చును అను ప్రశ్నలను వెలకన్న ముందు అడుగవలెను.

ఏడాది లెక్క

ఇప్పుడు రెండు యంత్రములను ఏడాది వెలతో పోల్చి చూతము. 45,000 రూపాయల యంత్రము నాలుగేండ్లు నడచినచో ఏడాదికి 11,250. అయిదేండ్లు నడచినచో 9,000. 99,900 రూపాయల యంత్రము ఏడేండ్లు నడచినచో ఏడాదికి సుమారు 14,270. ఎనిమిదేండ్లు నడచినచో దాదాపు 12,490. రెండవదానికి తిరిగి అమ్ము వెల కొంత ఎక్కువగ ఉండును. మొదటిదానికి నడుమ బ్యాటరీ మార్చు ఖర్చు ఉండును. వీనిని సరిచేసినచో రెండును ఇంచుమించు ప్రక్క ప్రక్కకు వచ్చును. కావున ఖరీదైనది దుబారా యనుటయు, చవుకది మోసమనుటయు రెండును తొందరపాటు మాటలే.

కాని ఈ లెక్కలో ఒక షరతు దాగియున్నది. ఏడేండ్ల లెక్క నిలుచుటకు ఆ యంత్రము ఏడేండ్లు క్రిందపడరాదు, తడవరాదు, దొంగిలింపబడరాదు. హాస్టలు గదులలో ఈ మూడును జరుగుచునే యుండును. ఒకేసారి అయిదు పుట్ల ధాన్యమును ఒక చేసంచిలో పెట్టి పంపుటయందలి అపాయము అది. అంతేగాక నేడు 45,000 ఖర్చుచేసి, మిగిలిన 55,000 భద్రపరచుకొన్నచో, నాలుగేండ్ల పిమ్మట చదువు ముగిసి ఉద్యోగము మొదలగునప్పుడు ఆనాటి క్రొత్త యంత్రమును కొనవచ్చును. అప్పటికి ఏ పని చేయుదురో తెలిసియుండును. పనికి తగిన యంత్రమును తెలిసి కొందురు. పదునెనిమిదేండ్ల విద్యార్థికి ఏడేండ్ల భవిష్యత్తును నేడే కొనిపెట్టుటకన్న ఇది చాలమందికి మంచి మార్గము.

ఎవరు కొనవచ్చును, ఎవరు మానవచ్చును?

యంత్రముపైననే జీవనము సాగించువారికి లెక్క వేరు. పెండ్లిండ్ల వీడియోలు కూర్చు యువకుని చూడుడు. ఒక వీడియో సిద్ధమగుటకు పాత యంత్రము మూడు గంటలు, క్రొత్తది ఒక గంట తీసికొనిన దనుకొందము. ముహూర్తముల నెలలో ఇరువది వీడియోలకు నలుబది గంటలు మిగులును. ఆ గంటలలో అధికముగ రెండు పనులు ఒప్పుకొనగలిగినచో యంత్రపు తేడా కొలదినెలలలో తీరిపోవును. రంగులు ఖచ్చితముగ కనబడవలసిన ఛాయాచిత్రకారులు, రోజంతయు ప్రోగ్రాములు వ్రాయువారు, తరచు ప్రయాణములలో పనిచేయువారు ఈ కోవకు చెందినవారే. వారికి ఖరీదైనది పనిముట్టు, ఆడంబరము కాదు.

కొందరికి ఖరీదైనది హాని కూడ చేయవచ్చును. రొయ్యల మేత దుకాణములో ట్యాలీపై లెక్కలు వ్రాయువానికి విండోసు యంత్రమే కావలెను. అను స్క్రిప్టుతో తెలుగు అక్షరములు కూర్చు డి.టి.పి. పనివారును విండోసుకే అలవాటుపడియున్నారు. మెకానికల్ ఇంజనీరింగునందు వాడు సాలిడ్‌వర్క్స్, సివిల్ నందు వాడు రెవిట్ వంటివి మాక్‌పై నేరుగ నడువవు. కృత్రిమ మేధ పాఠములలో కొన్నిటికి ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్పు గల యంత్రము అనుకూలము. కావున కళాశాలలో ఏ శాఖ, ఏ సాఫ్టువేరు అని తెలిసికొనకుండ కొన్నచో లక్ష రూపాయల యంత్రమును అలంకారముగ బీరువాపై ఉంచి, మరియొకటి కొనవలసి వచ్చును. మొదటి నెల తరగతులు జరుగనిచ్చి, ఉపాధ్యాయులను విచారించి, పిమ్మట కొనుట ఉత్తమము.

ఇక నాలుగవదగు పేరు ప్రతిష్ఠల మాట. తోటివారి చేతిలో ఉన్నదే తనకును కావలెనని బిడ్డ కోరుట సహజము, దానిని పరిహసింపరాదు. అయితే ఆ గౌరవమునకు ఇంటిలో ఎవరు వెల చెల్లించుచున్నారో బిడ్డకు తెలియజెప్పుట తల్లిదండ్రుల ధర్మము. పుట్టి లెక్కను కాగితముపై వ్రాసి చూపినచో పదునెనిమిదేండ్ల వయసువారు గ్రహింపగలరు.

వేరొక పొరపాటు ఇంతకన్న పెద్దది. ఒకే ఇంట కుమారునకు లక్ష రూపాయల యంత్రము కొని, కుమార్తెకు ఫోను చాలునని ఊరకుండుట అక్కడక్కడ కానవచ్చుచున్నది. చిన్న తెరపై పాఠము వినవచ్చునే గాని ప్రోగ్రాము వ్రాయుట, ప్రాజెక్టు నివేదిక తయారుచేయుట దుష్కరము. 1990ల ఆరంభమున రాత్రిబడులలో అక్షరములు దిద్దిన స్త్రీలు దూబగుంటలో సారా వ్యతిరేకోద్యమమునకు నాంది పలికిన జిల్లా ఇది. చదువు చేతికందినప్పుడు స్త్రీ ఏమి చేయగలదో ఈ జిల్లాకు మరియొకరు చెప్పనక్కరలేదు. లక్ష రూపాయలలో ఇద్దరికిని చెరియొక మంచి మధ్యతరగతి యంత్రము వచ్చును. లక్షది ఒకటియా, ఏబది వేలవి రెండా అను ప్రశ్న వచ్చినప్పుడు రెండవదే ఆ ఇంటికి ఎక్కువ ఫలమిచ్చును.

దుకాణమునందు

నెల్లూరులో దుకాణమునకు పోవునప్పుడు కొన్ని విషయములు జ్ఞాపకముంచుకొనవలెను. ప్రాసెసరు పేరులో ఐ5, ఐ7 అను అంకెలను మాత్రమే చూచి మోసపోరాదు. అది ఏ సంవత్సరపు తరమో అడుగవలెను. పాత తరపు ఐ7 కన్న క్రొత్త తరపు ఐ5 మేలుగ నుండుట సర్వసాధారణము. ఒకే పేరుతో ఒకే రంగులో ఉన్న రెండు యంత్రములలో లోపలి భాగములు వేరుగ ఉండవచ్చును గనుక ర్యామ్, నిల్వ, తెర రకము బిల్లుపై వ్రాయించుకొనవలెను. ర్యామ్ పెంచుకొను చోటు ఖాళీగ ఉన్నదా యని విచారింపవలెను. మూతను ఒక మూల పట్టుకొని తెరచి చూచినచో బందు బలము తెలియును. ఒక పుట తెలుగు, ఒక పుట ఆంగ్లము టైపు చేసి చూచినచో మీటల సంగతి తెలియును. చెప్పిన వెలలో 18 శాతము జి.ఎస్.టి. కలసియున్నదా యని అడిగి, సరియైన బిల్లు తీసికొనవలెను. బ్యాటరీకి హామీ ఎన్నాళ్ళో వేరుగ అడుగవలెను.

వెల తగ్గించుకొను మార్గములును కలవు. విద్యార్థులకు కొన్ని కంపెనీలు రాయితీ ఇచ్చుచున్నవి. దసరా, దీపావళి దినములలో వెలలు దిగుట కద్దు. 2020 నవంబరులో 92,900 రూపాయల వెలతో ప్రకటింపబడిన ఎమ్‌1 మాక్‌బుక్ ఎయిర్, క్రొత్తవి వచ్చిన పిమ్మట ఎంతో తక్కువకు దొరకినది. పని మాత్రము తగ్గలేదు. నిన్నటి ఉత్తమమును నేటి మధ్యమపు వెలకు కొనుట పొదుపు తెలిసినవారి పద్ధతి. అయితే 2025 చివరినుండి మెమొరీ చిప్పుల ధరలు మిక్కిలి పెరిగినందున కొనునాటి వెలలను రెండు మూడు చోట్ల విచారించి చూచుట అవసరము.

తుదకు ఒక కాగితముపై మూడు పంక్తులు వ్రాసి చూడుడు. ఈ యంత్రముతో ప్రతిదినము చేయు పని ఏది? ఆ పనిలో ఖరీదైనది అధికముగ చేయునది ఏది? ఆ అధికమునకు చెల్లించు సొమ్ము ఇంటిలో మరి ఏ అవసరమునుండి తీసికొనుచున్నాము? రెండవ పంక్తిలో స్పష్టముగ ఒక పని పేరు వ్రాయగలిగి, మూడవ పంక్తిలో అప్పు గాని, బిడ్డల ఫీజు గాని, వైద్యము గాని లేనప్పుడు నిస్సంకోచముగ ఖరీదైనదే కొనవచ్చును. రెండవ పంక్తి ఖాళీగ మిగిలినచో 8 లేక 16 గిగాబైట్ల ర్యామ్, ఎస్‌ఎస్‌డి, మంచి తెర, దగ్గరలో సేవాకేంద్రము గల మధ్యమపు యంత్రమును కొని, మిగిలిన సొమ్ములో కొంత ప్రమాద బీమాకు, కొంత చదువుకొను బల్లకు కుర్చీకి, కొంత ఇంటి ఎర్తు బాగుచేయించుటకు వెచ్చించి, తక్కినది బ్యాంకులో వేయుడు. యంత్రము బల్లపైకి వచ్చిన పిమ్మట దానిముందు కూర్చుండి పని నేర్చుకొనుట మాత్రము బిడ్డ వంతు. ఆ శ్రమ ఏ వెల యంత్రముతోనైనను ఒక్కటే.